కేంబ్రిడ్జి బి1 (మధ్యస్థాయి) ఇంగ్లీషు పరీక్షకు ముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం వాళ్లకు సెంటర్ విశాఖలో పడితే ముందురోజు సాయంత్రమే చేరిపోండి. తెల్లవారుజాము రైలును నమ్ముకుంటే, ఊళ్లోంచి ఆమదాలవలస స్టేషన్‌కు ఆటో దొరికేదాకా టెన్షనే.

ఫొటో ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు తప్పనిసరి, జిరాక్స్ చాలదు. అందులో పేరు, దరఖాస్తులో పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. మనవాళ్లకి ఒక కార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా! తేడా కనిపిస్తే సెంటర్‌వాళ్లకి ఇప్పుడే చెప్పండి.

రైటింగ్‌కు 45 నిమిషాలు. రెండు జవాబులు, ఒక్కోటి సుమారు 100 పదాలు. మొదటిది ఈమెయిల్‌కు జవాబు. వచ్చిన మెయిల్ పక్కనే నాలుగు నోట్స్ ఉంటాయి. చాలామంది మూడింటికి బాగా రాసి నాలుగోది వదిలేస్తారు. రాసిన ప్రతిదానికీ టిక్కు పెట్టుకోండి. బట్టీ పట్టిన వ్యాసం ఇక్కడ అతకదు.

లిజనింగ్‌లో ప్రతి రికార్డింగూ రెండుసార్లు వినిపిస్తారు, కంగారొద్దు.

స్పీకింగ్ మామూలుగా ఇద్దరికి కలిపి ఉంటుంది. ఫొటో గురించి ఒక్కరే నిమిషం మాట్లాడాలి, తర్వాత పక్కవాళ్ల మాట అందుకోవాలి. అద్దం ముందు కాదు, స్నేహితుడితో సాధన చేయండి. స్పీకింగ్ పరీక్ష వేరే రోజున పెట్టొచ్చు కూడా. తిరుగు టికెట్ కొనేముందు తేదీ చూసుకోండి.