తొలి మంచులో మౌంట్ సై ఎక్కాలంటే

సియాటెల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది మౌంట్ సై అనే కొండకి ఎండాకాలంలో, అదీ శనివారం వెళ్లి, ఆ జనాన్ని చూసి మళ్లీ అటువైపు పోరు. నవంబర్‌లో కొండ మీద మొదటిసారి స్నో పడ్డ వారం, మధ్యలో ఒకరోజు లీవు పెట్టి వెళ్లండి. కొత్త మంచు చప్పుడుని పీల్చేసుకుంటుంది కాబట్టి అడవంతా నిశ్శబ్దం, ఎక్కడో కొమ్మ మీంచి మంచు ముద్ద జారి పడితే అదొక్కటే వినిపిస్తుంది.

ఐ-90 హైవే మీద 32వ ఎగ్జిట్, నార్త్ బెండ్ ఊరి దగ్గర. పార్కింగ్‌కి డిస్కవర్ పాస్ (వాషింగ్టన్ రాష్ట్రం ఇచ్చే పర్మిట్) ఉండాలి. పోను 4 మైళ్లు, రాను 4 మైళ్లు, ఎక్కేది సుమారు 3,150 అడుగులు. కింద ఊళ్లో వాన పడుతుంటే పైన అది మంచు కావచ్చు, అందుకని నార్త్ బెండ్ వెదర్ ఒక్కటే చూసి బయల్దేరకండి.

టైమ్ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. నవంబర్‌లో నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. ఉదయం 8 గంటలకు నడక మొదలుపెట్టండి, ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి, శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. హెడ్‌ల్యాంప్ బ్యాగులో ఉండాల్సిందే. ఎక్కడికెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. చలికి ఫోన్ ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు. మొదటిసారి నేను జీన్స్‌లోనే వెళ్లాను, మోకాళ్ల దాకా తడిసి, ఆగిన ప్రతిసారీ వణుకే. పల్చటి సింథటిక్ పొర, దాని మీద ఫ్లీస్, పైన వాన ఆపే జాకెట్ చాలు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి, ఆగగానే మళ్లీ వేసుకోవాలి.

దాదాపు సగం దారిలో స్నాగ్ ఫ్లాట్ వస్తుంది. 1910లో కార్చిచ్చుని తట్టుకుని నిలబడ్డ పెద్ద పెద్ద డగ్లస్ ఫర్ చెట్లున్నాయి, వాటి కాలిన బెరడు మీద మంచు పడితే ఆ నలుపూ తెలుపూ చూసి తీరాలి. తినడం ఇక్కడే కానివ్వండి. పులిహోర చల్లారినా బాగుంటుంది గానీ వేళ్లు కొంకర్లు పోతాయి, చపాతీలో కూర చుట్టుకెళ్తే గ్లవ్స్ తీయక్కర్లేదు. ఫ్లాస్కులో టీ ఉంటే అంతకన్నా ఏం కావాలి.

చివరి మైలులో, మనకన్నా ముందు నడిచినవాళ్ల అడుగులకి మంచు గట్టిపడి అద్దంలా జారుతుంది. మైక్రోస్పైక్స్ (బూట్లకి తగిలించుకునే ఇనప ముళ్లు) ఇక్కడ తొడగండి, ఒకసారి జారాక కాదు. ఎక్కడం కన్నా దిగడమే కష్టం, చేతికర్రల్లాంటి ట్రెక్కింగ్ పోల్స్ ఉంటే మోకాళ్లు బతుకుతాయి.

పైన బండల మధ్య నిలబడితే కింద నార్త్ బెండ్, తెరిపిగా ఉంటే దక్షిణాన రెయినియర్ పర్వతం. మబ్బు కమ్మితే ఒక పావుగంట ఓపిక పట్టండి, ఉన్నట్టుండి విడిపోతుంది ఒక్కోసారి. ఆ వెనకాల కొమ్ములా లేచిన హేస్టాక్ బండని మాత్రం మంచులో ఎక్కొద్దు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చుంటే వాళ్లని ఈ కొండకి తీసుకురాకండి, దగ్గర్లోనే ఉన్న రాటిల్‌స్నేక్ లేక్ ఒడ్డున నడిపించండి. కారులో ఒక జత పొడి సాక్సులు ఉంచడం మర్చిపోవద్దు.