ఉగాది దాటాక చల్లిన పూల విత్తనాలు మొలవలేదా?

బంతి, జిన్నియా, సీతమ్మజడ వేడికి తట్టుకునే మొక్కలే. ఏప్రిల్ ఎండలో వాటిని దెబ్బతీసేది పైన ఉన్న అర అంగుళం మట్టి ఎండిపోవడం.

వారం దాటినా మొలక లేదు

బంతి, జిన్నియా మామూలుగా 5 నుంచి 7 రోజుల్లో మొలుస్తాయి. పది రోజులైనా జాడ లేకపోతే వేలితో మట్టి కదిపి ఒక గింజను బయటికి తీయండి. అది ఉబ్బి, కొన దగ్గర పొడుచుకొచ్చిన వేరు గోధుమరంగుకు తిరిగి ఉందా? ఉదయం తడికి గింజ పగిలింది, మధ్యాహ్నానికి మట్టి ఎండి వేరు మాడిపోయింది. ఆ గింజ ఇక తేరుకోదు, మళ్లీ చల్లాల్సిందే. ఈసారి మట్టిలో కొబ్బరిపొట్టు కలిపి, పావు అంగుళం లోతున వేసి, తడిగోనె కప్పి, కుండీని నీడలో పెట్టండి. గోనె మీద రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. మొదటి మొలక కనబడిన సాయంత్రమే గోనె తీసేయండి. ఆలస్యమైతే మొలకలు పాలిపోయి సాగుతాయి, గోనె పోగుల్లో చిక్కుకుని తెగిపోతాయి. నాకు బాగా బాధ కలిగించే నష్టం అదే.

సీతమ్మజడ, నాచుపూల గింజలు ఆవగింజకన్నా సన్నం. వాటిని పూడ్చకూడదు. ఇసుకలో కలిపి చల్లి, అరచేత్తో అదిమితే చాలు.

తీసిన గింజ వేసినట్లే పలచగా ఉంటే అది తాలు. దండల్లోని బంతిపూలను గింజ ముదరకముందే కోస్తారు. చెట్టుమీదే ఎండిన పూల నుంచి నల్లగా, గట్టిగా ఉన్నవి ఏరుకోండి. గింజే కనబడకపోతే చీమల పని. నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి, దానిమీద కుండీ ఉంచండి.

మొలకలు మొదలు దగ్గర నొక్కుకుపోయి పడిపోతున్నాయి

ఇది నారుకుళ్లు. ఒత్తుగా చల్లడం, అతిగా తడపడం వల్ల శిలీంధ్రం పెరుగుతుంది. పడినవి తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిసేలా పోయండి. ఇక ఉదయం పూట మాత్రమే, పైమట్టి కొంచెం ఆరాకే నీళ్లు పెట్టండి.

నాటిన నారు వాడిపోతోంది

నాలుగాకులు వచ్చాక, సాయంత్రం నాటి, నాలుగు రోజులు నీడ కల్పించండి.

మొక్క ఏపుగా ఉంది, పూలు లేవు

యూరియా ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, ఆపేయండి. పొడవుగా పెరిగే బంతి రకాలు పగటి పొద్దు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆలస్యంగా మొగ్గ తొడుగుతాయి, కాబట్టి పీకేయకండి. ప్యాన్సీ, పిటూనియా మాత్రం చలికాలపు పూలు. ఆ పొట్లాలను గాలి చొరని డబ్బాలో భద్రపరిచి, అక్టోబరులో చల్లండి.