ఇన్సూరెన్స్ లేని బండి మన కారుని గుద్దితే ఏం చేయాలి?

సంక్రాంతి ముందు మా అక్కా బావా ఒంగోలు నుంచి నెల్లూరు వస్తా ఉంటే, కావలి దాటినాక సర్వీస్ రోడ్డులోంచి ఒక ట్రాలీ ఆటో అడ్డంగా హైవే మీదకి వచ్చి కారు ఎడమ డోరుకి కొట్టేసింది. ఆటో నిండా రొయ్యల ట్రేలు, ఐసు నీళ్ళు రోడ్డంతా కారతా ఉన్నాయి, అక్క మణికట్టు విరిగింది. డ్రైవర్ కుర్రోడు దిగీ దిగంగానే బావ చేతులు పట్టుకుని "అన్నా, బండికి ఇన్సూరెన్స్ లేదన్నా, కేసొద్దన్నా, మా ఓనరు రేపు పొద్దున్నే వచ్చి మాట్లాడుకుంటాడు" అని ఒకటే బతిమాలాడు. అట్టా అంటే జాలేస్తుంది, మనం నెంబరు రాసుకుని వదిలేస్తాం, ఆ రేపు అనేది ఎప్పటికీ రాదు. అందుకే మొదటి అరగంటలో ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అన్నది మేము పడ్డ తిప్పలతో కలిపి రాస్తున్నా.

ముందు మనుషులు, తర్వాతే బండి

దెబ్బలు తగిలితే 108, పోలీసులకి 112, నేషనల్ హైవే మీదైతే 1033 కి కూడా చేయొచ్చు, క్రేను, పెట్రోలింగ్ బండి వస్తాయి. ఆస్పత్రిలో "రోడ్ యాక్సిడెంట్" అనే చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి పనికొచ్చే ఆస్పత్రి రికార్డు) రాయించండి, కొందరు గొడవెందుకులే అని మెట్ల మీద జారి పడ్డామని చెప్తారు, ఆ ఒక్క మాటతో కేసు మొత్తం పోతుంది. ఇంకోటి, 2025 మే నుంచి కేంద్రం క్యాష్‌లెస్ స్కీమ్ ఉంది, రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలిన ఒక్కో మనిషికి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు ట్రీట్‌మెంట్, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోయినా వర్తిస్తుంది. దగ్గర్లో ఆ స్కీము ఉన్న ఆస్పత్రి ఏదో 112 లో అడగొచ్చు.

అక్కడికక్కడే ఫోన్ తీయండి

బండ్లు పక్కకి జరపకముందే ఫొటోలు తీయండి: రెండు బండ్లు కనపడేట్టు దూరం నుంచి నాలుగు వైపులా, నెంబరు ప్లేట్లు, టైర్ల గుర్తులు, పగిలిన ముక్కలు, దగ్గర్లో ఉన్న కిలోమీటరు రాయి. డ్రైవర్ లైసెన్సు, ఆర్సీ రెండూ ఫొటో తీసుకోండి, జిరాక్స్ అయినా సరే. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ బండి నెంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటి దాకా ఉందో చూపిస్తుంది, దాన్ని వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి. అందులో ఓనరు పేరు మధ్యలో చుక్కలు చుక్కలుగా వస్తుంది, అందుకే ఆర్సీ ఫొటో కావాలన్నది.

ఈ స్క్రీన్‌షాట్ మీద నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మరుసటి రోజు మధ్యాహ్నం ఓనరు స్టేషన్‌కి కొత్త పాలసీ కాగితం పట్టుకుని ఠీవిగా వచ్చాడు, ఇదిగో సార్ ఇన్సూరెన్స్ ఉంది అని. బావ ఆ కాగితం మీద "మొదలు" అన్న గడి దగ్గర వేలు పెట్టి చూపించాడు, రాత్రి 8 గంటల 52 నిమిషాలు అని ఉంది. గుద్దింది సాయంత్రం 6:10 కి, మన స్క్రీన్‌షాట్ 6:25 ది. ఎస్సై గారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఇంకేం మాట్లాడలేదు. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో పాలసీ వచ్చే రోజులివి కాబట్టి ఎవరు కాగితం చూపించినా డేటు ఒక్కటే కాదు, టైము కూడా చూడండి.

పక్కన దాబా, పెట్రోలు బంకు, టోల్ ప్లాజా ఏది ఉన్నా కెమెరా ఉందేమో చూసి, ఆ ఫుటేజీ తీసి పెట్టమని ఫిర్యాదులోనే రాయండి, కొన్ని రోజులకి దాని మీద కొత్తది రికార్డయిపోతుంది. చూసినోళ్ళు ఇద్దరి నెంబర్లు తీసుకోండి, సాయం చేసినోళ్ళని బలవంతంగా సాక్షులు చేయకూడదని చట్టంలోనే ఉంది, ఆ మాట చెప్తే భయపడకుండా ఇస్తారు.

రాజీ పడాలా వద్దా

ఒట్టి సొట్ట పడితే, లైటు పగిలితే రాజీ తప్పు కాదు. కానీ డబ్బు అక్కడే చేతికి రావాలి, యూపీఐ అయితే మన అకౌంట్లో పడినట్టు మెసేజ్ చూశాకే కదలాలి. మిగతాది తర్వాత అంటే రెండు బండ్ల నెంబర్లు, తేదీ, టైము, ఎవరు గుద్దారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అని రాయించి సంతకం పెట్టించుకోండి, చెక్కు తీసుకుంటే ఇంకా నయం. అది బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, 15 రోజుల్లో కట్టకపోతే చెక్ బౌన్స్ కేసు వేయొచ్చు.

మనిషికి దెబ్బ తగిలితే మాత్రం అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఊరి పెద్దమనుషులు ఎంతమంది వచ్చినా సరే. మెడ నొప్పి, నడుము నొప్పి మూడో రోజు బయటపడతాయి. ఇక అక్క చేతికి అయినట్టు ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే, చిన్న దెబ్బ అని ఎవరన్నా ఒప్పుకోకండి.

స్టేషన్‌లో

ఫిర్యాదు రాత మూలకంగా ఇవ్వండి, "బండికి ఆ టైముకి ఇన్సూరెన్స్ లేదు" అన్న వాక్యం తప్పకుండా రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి. మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది) అడగండి. పోలీసులు 48 గంటల్లో ఫస్ట్ యాక్సిడెంట్ రిపోర్టు, 90 రోజుల్లో డీటెయిల్డ్ రిపోర్టు ట్రిబ్యునల్‌కి (యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే కోర్టుకి) పంపాలి, వీటితో పాటు పంచనామా, వూండ్ సర్టిఫికెట్ (దెబ్బల మీద డాక్టరు ఇచ్చేది), బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు (రవాణా శాఖ వాళ్ళు బండిని చూసి ఇచ్చేది) కాపీలు ఒక్కొక్కటే అడిగి ఫైల్లో పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల ఫైను, లేకపోతే 3 నెలల దాకా జైలు, లేదా రెండూ, రెండోసారి అయితే 4,000. ఆ ఫైను ప్రభుత్వానికి పోతుంది, మనకి రాదు. మనకి పనికొచ్చేది ఇంకోటి ఉంది: మనిషి చనిపోయినా, గాయపడినా, ఆస్తి దెబ్బతిన్నా, ఇన్సూరెన్స్ లేని ఆ బండిని ఓనరు తగినంత సెక్యూరిటీ కడితేనే కోర్టు వదలాలి, 3 నెలల్లో కట్టకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. బండి కదిలితేనే రోజు గడిచేవాడికి ఇది గట్టిగా తగులుతుంది. బండి వదిలేస్తున్నారని తెలిస్తే వెంటనే లాయర్‌తో అభ్యంతరం వేయించండి, ఆలస్యం చేయొద్దు.

మన సొంత పాలసీ

మనది ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఎదుటోడికి ఉన్నా లేకపోయినా మన కంపెనీ మన కారు బాగు చేయించాలి. ఆ రోజే కంపెనీకి ఫోన్ చేయండి, నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందు షెడ్డులో బోల్టు కూడా విప్పనీయొద్దు. క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుంది, అది ఐదేళ్ళు క్లెయిము లేకపోతే 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి, రిపేరు చిన్నదైతే క్లెయిము చేయడం లాభమా నష్టమా లెక్క వేసుకోండి. ఎదుటోళ్ళ నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన కారు ఖర్చు ఆ బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాల్సిందే. కారు నడిపింది ఓనరే అయితే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూడండి, మరణానికి, శాశ్వత వైకల్యానికి అది పనికొస్తుంది, జనం దాని సంగతే మర్చిపోతారు.

ట్రిబ్యునల్‌లో కేసు

ఇన్సూరెన్స్ లేకపోతే నష్టపరిహారం రాదు అనేది తప్పు. డ్రైవరూ ఓనరూ సొంత జేబులోంచి ఇవ్వాలి, అంతే తేడా. ఓనరు అంటే ఆర్సీలో పేరున్నవాడు. మా కేసులో ఆటోని రెండేళ్ళ కింద వేరేవాడికి అమ్మేశానని ఆర్సీలో పేరున్నాయన అన్నాడు, ట్రాన్స్‌ఫర్ మాత్రం చేయలేదు. 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే బాధ్యత వాళ్ళదే అని. లాయర్‌కి చెప్పి అతన్నీ, కొన్నవాడినీ, డ్రైవర్‌నీ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టించాం.

కేసు యాక్సిడెంట్ జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే చోట కూడా వేయొచ్చు, అందుకే కావలి దగ్గర జరిగినా బావ వాళ్ళు ఒంగోలులోనే వేశారు. ఆరు నెలల్లోపు వేసేయండి. ఆస్పత్రి బిల్లులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు, పనికి పోలేని రోజులకి జీతం కాగితం, ఆటో చార్జీలు కూడా రాసి పెట్టండి. కంపెనీ ఇచ్చేసిన రిపేరు డబ్బు మళ్ళీ అడగలేం, మన జేబులోంచి పోయినదే అడగాలి. తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేని దారి కూడా ఉంది, చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, కానీ దాన్ని తీసుకునే ముందు లాయర్‌ని అడగండి, ఎక్కువ రావాల్సిన కేసులో తక్కువకి చేతులు కట్టేసుకున్నట్టు అవుతుంది.

వచ్చినదాంట్లో ఇంత శాతం ఫీజు అని లాయర్లు అడగకూడదు, బార్ కౌన్సిల్ రూల్సు ఒప్పుకోవు. ఫీజు పెట్టుకోలేనోళ్ళు జిల్లా కోర్టులోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100 కి ఫోన్ చేయండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, అక్క కేసు అట్టా వేసిందే.

తీర్పు వచ్చాక కూడా ఓనరు కట్టకపోతే ట్రిబ్యునల్ నుంచి కలెక్టరుకి సర్టిఫికెట్ పంపించమని పిటిషన్ వేయండి, భూమి శిస్తు బాకీ వసూలు చేసినట్టే వాళ్ళ ఆస్తి మీద వసూలు చేస్తారు. కేసు నడిచేటప్పుడే పొలమో ఇల్లో అమ్మేసే ప్రయత్నం చేస్తున్నారని తెలిస్తే తీర్పు దాకా ఆగకుండా అటాచ్‌మెంట్ (ఆ ఆస్తి అమ్మకుండా కోర్టు ఆపడం) అడగొచ్చు. మేము ఆ ఊళ్ళో తెలిసినోళ్ళతో కనుక్కుని, ఓనరు పేరు మీద ఉన్న ఎకరా సర్వే నెంబరు లాయర్‌కి ఇచ్చి పెట్టాం.