నెలజీతం లేని కంటెంట్ క్రియేటర్ తనకు తానే జీతం ఇచ్చుకోవడం ఎలా?

కొబ్బరి తోట ఉన్న కోనసీమ రైతు దింపు తీసినప్పుడే డబ్బు చూస్తాడు. వరి రైతు సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి చూస్తాడు. అయినా ఆ ఇళ్లలో రోజూ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. వీడియోలు తీసి బతికే మనకు మాత్రం, రాబడి పైసలతో సహా ఫోన్‌లో కనిపిస్తున్నా, నెలాఖరుకు చేబదులు తప్పడం లేదు. అమలాపురం చుట్టుపక్కల వంటల వీడియోలు తీస్తూ ఎనిమిదేళ్లుగా ఈ రాబడి మీదే ఇల్లు నడుపుతున్నాను. కొత్తగా వచ్చినవారు ఏటా ఒకే చోట బోర్లా పడటం చూసి విసుగెత్తి ఈ పద్ధతి రాస్తున్నాను.

కావలసినవి రెండు బ్యాంకు ఖాతాలు, 200 పేజీల పుస్తకం ఒకటి, పెన్ను. వచ్చే సొమ్మంతా మొదటి ఖాతాలో పడాలి. దానిని ఆనకట్ట అనుకోండి. ఇంటి ఖర్చు నడిచే రెండో ఖాతా కాలువ. ఆనకట్ట ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకూడదు, యూపీఐ తగిలించకూడదు. పుస్తకం బదులు యాప్ వాడతామని చాలామంది అంటారు, వాడకూడదు. ఫిబ్రవరి ఎదుట 13,000 అని చేత్తో రాసినవాడు ఆ అంకెను మరచిపోడు.

ముందుగా గడిచిన 12 నెలల రాబడిని నెలలవారీగా రాయండి. బిల్లు పంపిన నెల ఎదుట కాకుండా, డబ్బు బ్యాంకులో పడిన నెల ఎదుటే రాయాలి. యూట్యూబ్‌లో ఒక నెల సంపాదన మరుసటి నెల 21, 26 తేదీల మధ్య వస్తుంది. మొత్తం 100 డాలర్లకు చేరకపోతే అదీ రాదు, పై నెలకు జమ అవుతుంది. అలా ఏమీ రాని నెల ఎదుట సున్నా వేయాలి. సిగ్గుపడి వదిలేస్తే లెక్క మొత్తం చెడుతుంది. ఎప్పుడో ఒకసారి తగిలిన పెద్ద ప్రకటన డబ్బును ఈ పట్టికలోకి రానివ్వకండి.

పన్ను వాటాను వచ్చిన రోజే పుస్తకంలో వేరుగా చూపించాలి. సంవత్సరానికి కట్టవలసిన పన్ను 10,000 రూపాయలు లేదా అంతకు మించి ఉంటే, జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీల్లో ముందస్తు పన్ను వాయిదాలు ఉంటాయి. ప్రచారం కోసం ఎవరైనా ఫోనో మిక్సీయో ఇస్తే అది ఊరికే వచ్చినట్టు కాదు. 2022 జూలై 1 నుంచి, ఒకే దాత ఏడాదిలో ఇచ్చినవాటి విలువ 20,000 దాటితే 10 శాతం పన్ను ముందే కోత (టీడీఎస్) పడుతుంది. అమెరికాలోని మనవాళ్లు చూసినందుకు వచ్చిన వాటా మీద అక్కడి పన్ను కూడా పోతుంది. యూట్యూబ్ డబ్బు చెల్లించే గూగుల్ ఖాతా ఆడ్‌సెన్స్‌లో పన్ను వివరాలు నింపి భారత్, అమెరికాల పన్ను ఒప్పందాన్ని చూపితే 15 శాతం, నింపకపోతే కోత ఇంకా ఎక్కువ.

ఇక అసలు కష్టం, జీతం ఎంతో తేల్చడం. అందరూ పల్టీ కొట్టేది ఇక్కడే కనుక నిదానంగా చదవండి.

అందరూ చేసేది సగటు తీయడం. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒకరి రాబడి వేలల్లో 24, 31, 14, 18, 36, 41, 58, 47, 62, 71, 13, 21 అనుకుందాం. మొత్తం 4,36,000, సగటు 36,000 చిల్లర. ఏప్రిల్‌లో చేతిలో నిల్వ లేకుండా మొదలుపెట్టి నెలకు 36,000 చొప్పున వాడుకున్నవాడు జూలై చివరికి 57,000 అప్పులో ఉంటాడు. సగటు నిజమయ్యేది మార్చిలో, బియ్యం కొనవలసింది జూన్‌లో. నేను ఒప్పుకునే లెక్క ఒక్కటే: అన్నింటికంటే తక్కువ వచ్చిన మూడు నెలలను తీసుకోండి. 13, 14, 18 కలిపితే 45. మూడుతో భాగిస్తే 15,000. అదే జీతం. ఈ జీతంతో నడిచిన ఇంటికి అదే జూలై చివర, పన్ను తీయకముందు, 27,000 నిల్వ ఉంటుంది. 15,000తో ఇల్లు గడవదంటే తెలిసిందేమిటంటే, ఈ పని ఒక్కటే మీకు ఇంకా చాలదని. పక్కన మరో పని ఉంచుకోవాలి గానీ అంకెను పెంచకూడదు.

ఇంతకంటే ప్రమాదం జనవరిలో ఉంది. దసరా నుంచి డిసెంబరు వరకు ప్రకటనల రేట్లు బాగుంటాయి, పైగా సంక్రాంతికి బట్టల దుకాణాలు, మిఠాయి దుకాణాలు వెతుక్కుంటూ వస్తాయి. డిసెంబరు సంపాదన కనుమ వెళ్లాక చేతికి వస్తుంది, అప్పుడు మనిషికి తాను 71,000 మనిషినని అనిపిస్తుంది. జనవరిలో పడిపోయిన రేట్లు ఫిబ్రవరి చివరి వారానికి గానీ ఖాతాలో కనిపించవు. ఈ మధ్య దొరికే నెల రోజుల్లోనే కెమెరాలు వాయిదాల మీద ఇంట్లోకి వస్తాయి. ఈ బుద్ధి నాకూ ఆలస్యంగానే వచ్చింది: ఒక సంస్థ దీపావళి ప్రకటన తాలూకు డబ్బు వారంలో ఇస్తామంటే నమ్మి లెన్సు కొన్నాను, ఆ డబ్బు మార్చిలో వచ్చింది, ఈలోగా నాలుగు వాయిదాలకు మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి.

గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కు రెండోది, 17కు మూడోది ఎగరేస్తారు. మూడో హెచ్చరిక ఉన్న రోజున కూడా కాలువల్లోకి వదిలేది గట్లు తట్టుకునేంత నీరే. మిగిలింది సముద్రం పాలు. మన ఆనకట్టలో మిగిలింది మన దగ్గరే ఉంటుంది కనుక మనకు ఇంకా సులువు. అందుచేత జీతాన్ని మార్చేది ఏడాదికి ఒకేసారి, వేసవిలో కాలువలు కట్టేసి లాకులు మరమ్మతు చేసే రోజుల్లో, పట్టిక కొత్తగా రాసి, కింది మూడు నెలలను మళ్లీ చూసి. మధ్యలో మార్చడానికి పెళ్లి వచ్చినా, కొత్త ఫోన్ మార్కెట్‌లోకి వచ్చినా కారణం కాదు.

ఆనకట్టలో ఆరు నెలల జీతం, అంటే ఈ లెక్కలో 90,000, నిలిచేదాకా పరికరాలు కొనకూడదు. నిండాక దానిని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. చీటీ కట్టమని సలహా ఇచ్చేవారు మా వీధిలోనే నలుగురున్నారు. చీటీ నెల తప్పకుండా కట్టమంటుంది, మన ఫిబ్రవరికి ఆ సంగతి తెలియదు. కట్టలేక అవసరంలో పాడుకుంటే మిగిలేది నష్టమే.

చివరి పని చిన్నది. ప్రతి నెలా 5న 15,000 ఆనకట్ట నుంచి కాలువకు దానంతట అదే వెళ్లేలా బ్రాంచిలో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి. 5వ తేదీయే ఎందుకంటే, ఒకటిన పడితే పాలవాడు, కేబులు, అద్దె కలిసి రెండు రోజుల్లో ఊడ్చేస్తారు. వాళ్లు ఆరున వచ్చినా ఏమీ అనుకోరు.