పాత కారు చూడ్డానికి వెళ్తున్నారా? జేబులో అయస్కాంతం వేసుకోండి

ఎవరి పెరట్లోనో పడున్న అంబాసిడర్‌నో పద్మినినో చూసి మనసు పారేసుకునేవాళ్లకి ఒక మాట. ముందు బానెట్ ఎత్తకండి. కారు కింద పడుకుని చూడండి.

ఈ రెండిటికీ లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే ఇనప చట్రం, ఉండదు, బాడీయే ఎముకల గూడు. తలుపుల కింది అంచు, జాకీ పెట్టే చోటు, వెనక కమాన్ పట్టీలు (స్ప్రింగులు) బిగించిన చోటు, ఈ మూడింటినీ ఓనరుకి చెప్పి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. ఠంగుమంటే బేరం మొదలెట్టొచ్చు. మొన దిగబడిందా, లోపల తుప్పు తినేసినట్టే, మర్యాదగా టీ తాగి వచ్చేయండి. ఆ తర్వాత మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడండి.

మన వైజాగ్‌లో పెదవాల్తేరు, భీమిలి వైపు సముద్రానికి దగ్గర్లో నిలబెట్టిన బండైతే ఇంకా జాగ్రత్త. ఉప్పుగాలి రేకుని లోపల్నుంచి తినేస్తుంది, పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతుంది. అలాంటి మెరుపు చూసే నేనోసారి బోల్తాపడ్డాను. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ఆనించండి, పట్టుకోలేదంటే అక్కడ రేకు బదులు పుట్టీ ఉన్నట్టే.

ఇంజిన్ తిరక్కుండా పట్టేసినా నాకు పెద్ద భయం లేదు, సిలిండర్లని మళ్లీ తొలిచి సరిచేసే రీబోరింగ్ ఉంది. బానెట్టూ తలుపులూ పాత సామాన్లలో వెతుక్కోవచ్చు. టింకరింగ్, అంటే బాడీ రేకు పని, ఆ ఖర్చే కొంప ముంచేది. అన్నట్టు, ఆర్సీ కూడా చూడండి. 15 ఏళ్లు దాటిన కారుకి ప్రతి 5 ఏళ్లకీ రెన్యువల్ ఉండాలి. కాగితాల్లేని బండి ఉత్తినే ఇస్తానన్నా నేనైతే తీసుకోను.