చెరువుగట్టు పాఠాలు – 4: పుల్ల దగ్గర కాపు

పోయిన పాఠంలో చెప్పిన పని చేసుంటే మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. చెరువు దగ్గర ఏ పక్షి ఎక్కడ వాలుతోందో గుర్తులు పెట్టిన పటం. అది జేబులో పెట్టుకుని రండి. ఈసారి తూనీగల ఫొటోలు. వాటికి పక్షుల పటమెందుకంటారా? దారి చూపించేది అదే.

మే నెలలో మా నెల్లూరు జిల్లా కోవూరు వైపు ఆరింటికే మంచి వెలుతురు, తొమ్మిది దాటితే గట్టు మీద నిలబడలేం. రోహిణీ కార్తెలో అయితే ఎనిమిదికే సర్దుకోండి. తూనీగ పిల్లలు పెరిగేది నీళ్లలోనే. అందుకని ఎండాకాలం చెరువు అడుగంటినా, ఎడగారు వరికి (ఎండాకాలంలో వేసే పంట) పారే కాలవ పక్కన జమ్ము పచ్చగా ఉందంటే అవి అక్కడే ఉంటాయి. వెతుక్కునే చోటు తగ్గిపోతుంది, మనకు అదే లాభం.

ముందు పసిరిక పిట్టను పట్టుకోండి. అంటే చూపుతో. పచ్చటి ఒళ్లు, తోక చివర సూదుల్లా పొడుచుకొచ్చిన ఈకలు, కరెంటు తీగ మీదో కంపచెట్టు ఎండుకొమ్మ మీదో కూర్చుని ఉంటుంది. చటుక్కున లేచి, గాల్లో ఒక తిప్పు తిరిగి, మళ్లీ అక్కడికే వస్తుంది. మొన్న ఒకటి ముక్కులో తూనీగతో వాలింది. దాన్ని అటొక దెబ్బ, ఇటొక దెబ్బ తీగకేసి కొట్టింది. రెక్క ఒకటి ఊడి, గింగిరాలు తిరుగుతూ కాలవలో పడింది. మిగతాది గుటుక్కున మింగింది. ఆ తీగ కింద చూస్తే జమ్ము మొదళ్లలో ఎర్రవి, పచ్చవి, పదిహేనుకు తక్కువ లేవు. పటంలో పసిరిక గుర్తు ఉన్నచోట తూనీగలకోసం వెతకమనేది అందుకే.

ఇక అసలు పాఠం. కూర్చునే రకం తూనీగ కూడా పసిరిక లాగే చేస్తుంది. లేచి, దోమనో చిన్న పురుగునో పట్టి, చాలాసార్లు అదే పుల్ల మీదికి వస్తుంది. నాకు ఈ సంగతి తెలియని మొదటి వేసవిలో ఒక ఎర్ర తూనీగ వెంట గట్టంతా పరిగెత్తాను. 140 ఫొటోలు, అన్నీ మసక, ఒక చెప్పు బురదలో. తూనీగను వెతకొద్దు, పుల్లను వెతకండి.

మొదటి పది నిమిషాలు కెమెరా బయటికి తీయకండి. తూనీగ లేవగానే దాని వెంట తల తిప్పకుండా పుల్ల మీదే చూపు నిలిపి అంకెలు లెక్కపెట్టండి. నాకు చాలాసార్లు ముప్పై లోపే తిరిగొచ్చింది. అది లేచిన ప్రతిసారీ ఒక్క అడుగు ముందుకు వేసి, వంగి కూర్చోండి. మీ నీడ పుల్ల మీద పడితే మాత్రం అది రాదు. ఒక రోజు అలా గొంతుక్కూర్చుని ఉంటే గట్టు మీద పోయే పెద్దాయన ఆగి, "ఏంది నాయనా, ఏమన్నా పోగొట్టుకున్నావా?" అన్నాడు. తూనీగను చూపించాను. ఆయన కూడా పక్కన కూర్చుండిపోయాడు.

కెమెరా ఉంటే షటర్ వేగం సెకనులో 1/1000 వంతు దగ్గర, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్8 దగ్గర మొదలుపెట్టండి. ఫోను అయితే 2ఎక్స్ దాటి జూమ్ చేయొద్దు, దగ్గరికే పోండి. ఫోకస్ కంటి మీద. రెక్క కొస మసకబారినా బొమ్మ నిలుస్తుంది, కన్ను మసకబారితే తీసేయడమే. పక్క నుంచి తీసేటప్పుడు తల నుంచి తోక దాకా ఒళ్లంతా లెన్సుకు ఒకే దూరంలో ఉండేలా జరగండి. మీరు బెత్తెడు పక్కకు జరిగితే చాలు, తోక కూడా స్పష్టంగా వస్తుంది.

ఎర్రగా మెరిసేది మగది, దాని జోడీ పసుపు గోధుమ రంగులో ఉంటుంది. రెండు వేరే జాతులని రాసేసుకోకండి, నేను రాసుకున్నాను. ఎండ ముదిరాక తోకను నిలువుగా ఆకాశానికి ఎత్తితే అది ఒంటికి తగిలే ఎండను తగ్గించుకుంటోందని. ఆ భంగిమ మంచి ఫొటో, మీకు ఇంటికి పొమ్మనే గుర్తు కూడా. రెక్కలు చాపకుండా వీపు మీద మడిచి కూర్చునే సన్నటివి వేరే గుంపు, వాటికి ఇంకో పాఠం ఉంది.

గుంపులు గుంపులుగా పైన తిరిగే పసుపు తూనీగలను వదిలేయండి. శాస్త్రజ్ఞులు పాంటాలా ఫ్లేవెసెన్స్ అంటారు. పగలు పుల్ల మీద నిలవడం అరుదు. మన దేశం నుంచి హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త మాల్దీవుల్లో చూసినదాన్ని బట్టి రాశాడు. అంత దూరం పోయేది మన పుల్ల దగ్గర ఆగుతుందా?

వచ్చే వారానికి పని: ఒకే పుల్ల, మూడు ఉదయాలు, వాలిన ప్రతిసారీ టైము రాసుకోండి. ఫొటోలు ఐదుకు మించొద్దు.