ఏళ్ల తరబడి గ్యారేజీలో ఉండిపోయిన పోర్షే 944: తాళం తిప్పే ముందు చూడాల్సినవి

మొన్న శనివారం పొద్దున్నే డాలస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, 1987 పోర్షే 944 దొరికింది. ఎర్ర కారు. 2,800 డాలర్లే అంటున్నాడు. పదకొండేళ్లుగా గ్యారేజీలోనే ఉందట. రేపు కొత్త బ్యాటరీ వేసి స్టార్ట్ చేసి చూపిస్తానన్నాడు."

"స్టార్ట్ చేయనివ్వకు. నేను వచ్చేదాకా తాళం ముట్టుకోవద్దని చెప్పు" అన్నాను.

ఇలాంటి కారు అమ్మేవాళ్లందరూ ముందు చేసి చూపించాలనుకునేది అదే. కొనేవాళ్లు కూడా ఇంజన్ చప్పుడు వింటే చాలు, నమ్మకం కుదిరిపోయిందనుకుంటారు. 944 విషయంలో ఆ ఒక్క నిమిషమే కారుని చంపేయగలదు. అందుకే కింద రాసినవన్నీ తాళం తిప్పకముందు మొదలవుతాయి.

944ని పోర్షే 1982 నుంచి 1991 దాకా తయారు చేసింది. మొత్తం లక్షా అరవై వేలకు పైగా కార్లు. ఇంజన్ ముందు, గేర్‌బాక్స్ వెనక ఉండటంతో బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడుతుంది. మలుపు తిప్పుతుంటే ఆ తేడా చేతికి తెలుస్తుంది. బాడీకి జింక్ పూత ఉంది కాబట్టి అదే వయసున్న మిగతా కార్లంత తుప్పు పట్టదు. ఇన్ని సుగుణాలున్న కారు రెండు మూడు వేలకు ఎందుకొస్తోందంటే, దానికి పెట్టాల్సిన ఖర్చు ఎవరో వాయిదా వేశారని అర్థం. అది ఎంతో లెక్క తేల్చుకోవడమే మన పని.

బెల్ట్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు

అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం ఇదే. ఇది చప్పుడు కాదు, లీకు కాదు. ఒక కాగితం లేకపోవడం.

944 ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పేది ఒక రబ్బరు బెల్ట్. అదిరిపోకుండా పెట్టిన రెండు బ్యాలెన్స్ షాఫ్టులను తిప్పేది ఇంకో బెల్ట్. మొదటిది తెగినా, కొన్ని పళ్లు జారినా పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి. వాల్వులు వంగిపోతాయి. వాల్వులుండే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పాలి. ఆ బిల్లు కారు ధరని దాటిపోవచ్చు.

అమ్మేవాళ్లు "చివరిసారి మార్చాక ఐదు వేల మైళ్లు కూడా తిరగలేదు" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఈ బెల్ట్‌కి 30,000 మైళ్లు లేదా నాలుగేళ్లు, ఏది ముందొస్తే అదే గడువని 944 బాగా తెలిసిన మెకానిక్‌లు చెబుతారు. కదలకుండా ఉన్నా రబ్బరు ఎండిపోతుంది. పుల్లీ చుట్టూ ఒకే చోట వంగి ఏళ్లపాటు ఉంటే ఆ వంపు అలాగే బిగుసుకుపోతుంది. మొదటిసారి తాళం తిప్పినప్పుడు దెబ్బ పడేది సరిగ్గా అక్కడే.

కాబట్టి ఇంజన్‌ని ముందు చేత్తో తిప్పి చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోయండి. వీలైతే రాత్రంతా అలా వదిలేయండి. చూడటానికి వెళ్లిన రోజైతే కనీసం గంట ఆగండి. తర్వాత ముందువైపు క్రాంక్ పుల్లీ బోల్టుకి 24 ఎంఎం సాకెట్, పొడవాటి హ్యాండిల్ వేసి, గడియారం ముల్లు తిరిగే దిక్కున మెల్లగా తిప్పాలి. వెనక్కి తిప్పొద్దు. రెండు పూర్తి చుట్లు తిప్పితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు పూర్తవుతుంది, అంటే ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది.

చేతికి ఏం తెలుస్తుందో గమనించండి. ప్లగ్గులు లేవు కాబట్టి గాలి అడ్డుపడదు. చిక్కటి పిండి కలుపుతున్నట్టు ఒకేలాంటి బిగువు ఉంటుంది, వాల్వు స్ప్రింగుల దగ్గర కొంచెం బరువెక్కి మళ్లీ తేలికవుతుంది. అది ఆరోగ్యం. అసలు కదలకపోతే పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కి పట్టేసి ఉండొచ్చు. రెండు రోజులు నూనెలో నానబెట్టి మళ్లీ చూడొచ్చు గానీ, అలాంటి కారుని విడిభాగాల ధరకు తప్ప కొనకండి. సాఫీగా తిరుగుతూ వచ్చి, ఇనుముకి ఇనుము తగిలినట్టు ఠక్కుమని ఆగితే అక్కడితో వదిలేయండి. బలం పెట్టొద్దు. పిస్టన్ వాల్వుని తాకుతోందేమోనని అనుమానించాలి.

సాఫీగా తిరిగినంత మాత్రాన స్టార్ట్ చేయొచ్చని కాదు. రెండు బెల్టులు, రోలర్లు, వాటర్ పంప్ ఒకేసారి మార్చాకే. వాటర్ పంప్ మార్చాలంటే ఎలాగూ బెల్టులు తీయాలి, అందుకే విడిగా చేయించొద్దు. మెకానిక్‌ని ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: "బెల్ట్ బిగువు దేంతో కొలుస్తారు?" పోర్షే దీనికోసం పీ9201 అనే కొలత పరికరం ఇచ్చింది. దాని పేరో, దానికి బదులు తను వాడే పద్ధతో వెంటనే చెప్పగలిగితే ఆయనకి ఈ ఇంజన్ తెలుసు. కొత్త బెల్ట్ కొంచెం సాగుతుంది కాబట్టి 1,500 నుంచి 2,000 మైళ్ల తర్వాత మళ్లీ బిగువు చూడాలి.

మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5లో 1.6 లీటర్ల ఇంజన్‌కి ఈ భయం లేదు. బెల్ట్ తెగినా వాల్వులకు పిస్టన్లు తగలవు, ఇంజన్ ఆగిపోతుందంతే. మొదటి పాత స్పోర్ట్స్ కారు కొంటున్నవాళ్లకు నేను ముందు దాన్నే చూడమంటాను.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

ఇది బెల్టులు మార్చి స్టార్ట్ చేసినప్పుడు బయటపడే సమస్య. మూడొంతులు పెట్రోలు తప్పే. ట్యాంక్ మూత తీసి వాసన చూస్తే పెయింట్ డబ్బా వాసన వస్తుంది. పదేళ్ల పెట్రోలు జిగురుగా మారి పంపునీ ఇంజెక్టర్లనీ పట్టేస్తుంది. ట్యాంక్ ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చాలి. దానికంటే ముందు ఇంజన్ మీదుగా వెళ్లే పెట్రోలు గొట్టాలు మార్చాలి. ఎండిన రబ్బరు పగిలి, ఒత్తిడితో పెట్రోలు వేడి ఇంజన్ మీద చిమ్మి కాలిపోయిన 944లు ఉన్నాయి. ఈ ఒక్క ఖర్చులో పొదుపు చూడొద్దు.

కొత్త పెట్రోలు పోసినా పంపు చప్పుడు వినపడకపోతే ఇంజన్ కంప్యూటర్‌కీ పెట్రోలు పంపుకీ కరెంటు అందించే స్విచ్, డీఎంఈ రిలేని అనుమానించండి. లోపలి టంకం ఏళ్లు గడిచాక చీలుతుంది. రిలే పీకి, దాని సాకెట్‌లో 30, 87బీ కాళ్లను చిన్న వైరుతో కలిపితే పంపు మోగాలి. మోగితే కొత్త రిలే కొనుక్కోవడమే.

పంపు బాగానే ఉండి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెం కూడా కదలకపోతే ఇంజన్ ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే, ఇంజన్ వెనక ఉండే రిఫరెన్స్ సెన్సర్ నుంచి సిగ్నల్ అందకపోవచ్చు. ఆ కనెక్టర్ల ప్లాస్టిక్ వేడికి పొడైపోతుంది, చేయి పట్టని చోట ఉంటుంది. బెల్టులు అప్పటికే మార్చి ఉన్న కారులో, చేత్తో తిరిగిన ఇంజన్ ఇలాంటి కారణంతో స్టార్ట్ కాకపోతే నాకు సంతోషమే. చవకగా పోయే లోపం వల్ల ధర దిగుతుంది.

కూలెంట్ డబ్బాలో కాఫీ రంగు మీగడ

మూత తీయగానే గోధుమ రంగు చిక్కటి పదార్థం కనిపిస్తే అందరూ "హెడ్ గాస్కెట్ పోయింది" అంటారు. 944లో ఎక్కువసార్లు అది ఆయిల్ కూలర్ సీళ్లు పోవడం. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ కంటే ఎక్కువ కాబట్టి ఆయిలే కూలెంట్‌లోకి చేరుతుంది. సీళ్లు మార్చి, ఆ మురికి పూర్తిగా పోయేదాకా చాలాసార్లు కడగాలి. డిప్‌స్టిక్ మీద కూడా ఆ మీగడే ఉంటే మాత్రం సంగతి వేరు. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది, ఈ ఇంజన్‌లో రెండో రాడ్ బేరింగ్ ముందే బలహీనం. నేనైతే ఆ కారు కొనను.

క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోతుంది

పెడల్ ఒత్తిడిని ద్రవంతో క్లచ్‌కి చేర్చే మాస్టర్, స్లేవ్ సిలిండర్ల సీళ్లు ఎండిపోవడం మామూలే, అది చిన్న పని. పెడల్ గట్టిగా ఉండి గేరు పడకపోతే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. అతుకు విడిపోతే అదృష్టం. విడిపోకపోతే వెనకనున్న గేర్‌బాక్స్, ఇంజన్‌కీ దానికీ మధ్య ఉండే టార్క్ ట్యూబ్, ఎగ్జాస్ట్ అన్నీ కదిలించాలి. కూలీ పది గంటలు దాటుతుంది. బేరంలో క్లచ్‌ని ఎప్పుడూ పెద్ద అంకెగానే రాసుకోండి.

చక్రం తిరగదు, కార్పెట్ తడి, మీటర్ కదలదు

బ్రేక్ కాలిపర్లు పట్టేయడం ఖాయమనుకోండి. కాలిపర్లు, గొట్టాలు, ఫ్లూయిడ్ అన్నీ మార్చాలి. టైర్లకు గాట్లు ఎంత లోతుగా ఉన్నా, పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు చదవండి. 1412 అంటే 2012లో 14వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందు టైరు.

ప్రయాణికుడి కాళ్ల దగ్గర తడి ఉంటే బ్యాటరీ ట్రే తుప్పుతో చిల్లు పడి ఉండొచ్చు. వెనక తడి ఉంటే డిక్కీ అద్దం అతుకు ఊడి ఉండొచ్చు. అక్కడే ఎలుకల గూడు కూడా చూడండి, కొరికిన వైరు వెతకడం నెలల పని. ఇక మైలేజీ మీటర్లో చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం విరిగిపోవడం ఈ కార్లన్నిటికీ ఉన్న జబ్బు. 68,000 అని చూపిస్తే, అది ఎప్పుడు ఆగిపోయిందో పాత రసీదులతో పోల్చి చూడండి.

కాగితాలు

డ్యాష్‌బోర్డు మీది విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య), యాజమాన్య పత్రమైన టైటిల్ మీది నంబరు, అమ్మేవాళ్ల పేరు కలవాలి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు స్మాగ్ (కాలుష్య) పరీక్ష తప్పదు, కాబట్టి ఏ 944కీ మినహాయింపు లేదు. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకు కాలుష్య పరీక్ష అడగరు. మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: తర్వాత ఇండియాకి తీసుకెళ్లొచ్చా? లేదు. మామూలుగా దిగుమతి చేసుకునే పాత కారు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి.

ఆదివారం ఆస్టిన్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. ఓనర్ పెద్దాయన రసీదులన్నీ ఒక ఫైల్లో దాచారు. చివరి బెల్ట్ 2008ది. ఆ కాగితం చూశాక ఆయనే బ్యాటరీ పక్కన పెట్టేశారు. ఇంజన్ చేత్తో రెండు చుట్లూ సాఫీగా తిరిగింది. కూలెంట్ శుభ్రంగా ఉంది. క్లచ్ పెడల్ నేలకు పోతోంది, ముందు ఎడమ చక్రం పట్టేసింది, టైర్లు పనికిరావు. ఆయన ముందే కాగితం మీద రాశాం: బెల్టులు, వాటర్ పంప్ 1,500 డాలర్లు. పెట్రోలు పని 500. బ్రేకులు 600. టైర్లు 500. క్లచ్ సిలిండర్లు 300. మొత్తం 3,400. మేం 1,500 అన్నాం, ఆయన 1,800 అన్నారు, అక్కడ కుదిరింది.

ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద బావమరిది ఇంటికి చేర్చాం. బెల్టులు, పంప్ ఆర్డర్ పెట్టాం. అవి బిగించేదాకా దానికి బ్యాటరీ కొనం.